దైవము, పురుషకారము, ఆటపలక

బెంగుళూరు, హైదరాబాదు, ఢిల్లీ మొదలగు నగరములందు కొంతకాలముగా ఒక క్రొత్త వాడుక ప్రబలుచున్నది. వారాంతపు సాయంకాలమున ఏ కాఫీశాలలోనో, ఏ మిత్రుని యింటిలోనో పదిపదునైదుగురు చేరుదురు. అల్మారల నుండి అట్టపెట్టెలు దిగును. బల్లల మీద రంగురంగుల పటములు పఱతురు. కఱ్ఱబిళ్ళలు, అట్టముక్కలు, పాచికలు పంచుకొందురు. ఆట తెలిసినవాడొకడు ముందుగా నియమములు వివరించును. తక్కినవారు, వారిలో ఒకరినొకరు ఎన్నడును చూడనివారు కూడ, నలుగురైదుగురుగా ఒక్కొక్క బల్ల చుట్టు కూర్చుండి రెండు మూడు గంటలు ఆడుదురు. దీనిని వారు 'గేమ్ నైట్' అందురు. మన భాషలో ఆటల సాయంకాలము అనుకొనవచ్చును.

పైకి చూడ నిది పాశ్చాత్యుల నుండి దిగుమతియైన వేడుకగా తోచును. పెట్టెల మీద జర్మను, అమెరికను రచయితల పేర్లుండును. కాని పటము గీసి, గవ్వలు దొర్లించి, కాయలు నడపుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. నేడు లోకమంతట ఇండ్లలో ఆడుచున్న పటములలో కొన్నిటికి పూర్వీకులు మన యరుగుల మీద సుద్దముక్కతో గీసిన గళ్ళే. అవి ఎట్లు వెడలినవి, వెడలినచోట ఏ మార్పు చెందినవి, ఇప్పుడు ఏ రూపమున తిరిగి వచ్చుచున్నవి అనునది విచారింపదగిన విషయము. ప్రతి ఆటయు తన నియమములలో మూడు ప్రశ్నలకు సమాధానము దాచుకొని యుండును. గెలుపులో దైవమెంత, పురుషకారమెంత? ఓడినవాని గతి యేమి? ఒడ్డిన పణము ఏది? ఆడువారి సమాజము మాఱినకొలది ఈ సమాధానములు మాఱును. ఈ మూడు ప్రశ్నలను చేతబట్టుకొని నడచినచో ఆటపలక చరిత్ర తేటపడును.

మొదట పాచిక. హరప్పా, మొహెంజొదారో త్రవ్వకములలో ఘనాకారపు పాచికలు దొరికినవి. అనగా నాలుగువేల యేండ్లకు పూర్వమే ఈ నేల మీద పాచిక దొర్లినది. ఋగ్వేదము పదవ మండలమునందలి 34వ సూక్తము జూదరి పరితాపమును వర్ణించును. ఆనాటి పాచికలు తాండ్రకాయలు. ఆలు దూరమై, అత్త ద్వేషించి, అప్పులవారి భయమున చీకటిలో తిరుగుచు, పాచికల చప్పుడు చెవిని బడగానే మరల అటు పరుగెత్తు ఆ జూదరి నేటికిని మనకు అపరిచితుడు కాడు. భారతమునందలి ధర్మరాజు జూదము, నలుని జూదము ఈ కథనే రాజుల స్థాయికి ఎత్తినవి. ఆ రెంటిలోను ఓడినవాడు ఆట నుండి మాత్రమే గాక రాజ్యము నుండియు వెడలవలసివచ్చినది. ఫలకక్రీడను తలచినప్పుడెల్ల మన పెద్దలు కొంత జంకుటకు ఈ జ్ఞాపకమే కారణము.

కౌటిల్యుడు జూదమును రూపుమాపగలనని తలపలేదు. దానిని లెక్కలోనికి తెచ్చెను. అధ్యక్షుడను ఉద్యోగిని నియమించి, ఒకేచోట ఆడించి, మోసము లేని పాచికలను సర్కారే సమకూర్చి, గెలుపుసొమ్ములో నూటికి 5 వంతులు రాబట్టవలెనని అర్థశాస్త్రమున విధించెను. ప్రభుత్వోద్యోగులమగు మనకు ఈ పద్ధతి చిరపరిచితమే గదా.

పాచికకు పటము తోడైనప్పుడు ఆటలో ఆలోచనకు చోటు దొరికినది. ఒట్టి పాచిక వేసినవాడు పడిన సంఖ్యకు దాసుడు. పటము ముందున్నవాడు ఆ సంఖ్యతో ఏ కాయను నడపవలెనో తాను నిర్ణయించుకొనును. ఈ రెంటి కలయికకు మన దేశమిచ్చిన గొప్ప రూపము చౌపడ్, దాని తోబుట్టువు పచ్చీసు. పటమునకు నాలుగు రెక్కలు. రెక్కకు మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గళ్ళు. ఆడువారు నలుగురు, కాయలు పదునాఱు. పొడుగుపాటి పాచికలతో ఆడినది చౌపడ్, గవ్వలతో ఆడినది పచ్చీసు. గవ్వలతో పడు పెద్ద పందెము 25 అగుటచేత దానికా పేరు వచ్చినది. అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో చౌపడ్ ను వర్ణించి, దానిని పెంచి అక్బరు కల్పించిన చందల్ మండల్ అను ఆటను కూడ పేర్కొనెను. ఫతేపూర్ సిక్రీ కోట ముంగిట రాతిపలకలతో పఱచిన పచ్చీసు పటమును నేటికిని యాత్రికులు చూచుచున్నారు. దానిమీద పరిచారికలే కాయలై నడచిరని జనశ్రుతి.

పచ్చీసులో గమనింపదగిన నియమమొకటి కలదు. ఎదురెదురుగా కూర్చున్న యిద్దరు ఒక జట్టు. తన కాయలు ముందుగా పండినంతమాత్రమున గెలుపు రాదు. జోడీ కాయలు కూడ పండవలెను. తన గెలుపు వేఱు, తనవాని గెలుపు వేఱు కావను భావన ఆ పటమున ఇమిడియున్నది. ఉమ్మడి కుటుంబములలో ఆడిన ఆటకు ఈ నియమము తగినదే.

తెలుగు ఇండ్లలో దీని చిన్న చెల్లెలు అష్టాచెమ్మ. ఐదు గళ్ళు నిలువు, ఐదు గళ్ళు అడ్డము. నాలుగు గవ్వలు. అన్నియు వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. అన్నియు బోర్ల పడిన అష్ట, అనగా ఎనిమిది. బయటి వరుస ఒక దిక్కున చుట్టి, ఎదుటివాని కాయ నొకదానినైనను చంపినగాని లోపలి వరుసలోనికి పోరాదు. నడిమి గడి చేరిన కాయ పండినది. 'కాయ పండుట' అను మాటలోనే ఆటయందలి తీపి కలదు. గీత కొట్టిన గళ్ళలో నున్న కాయను చంపుటకు వీలు లేదు. అడుగు బయటబెట్టినచో భయము, నిలిచియున్నచో ఆలస్యము. పదేండ్ల పిల్లకు ఇంతకు మించి లోకరీతి నేర్పు పాఠము మఱొకటి కనబడదు.

దైవమునకే సర్వము వదలిన ఆట వైకుంఠపాళి. దీనికి పరమపదసోపానపటమని పెద్దపేరు. క్రింద నరకములు, పైన వైకుంఠము, నడుమ పుణ్యకార్యముల నిచ్చెనలు, దుర్గుణముల పాములు. తుదిమెట్టు చేరబోవు తరుణమున నోరు తెఱచుకొనియుండు పెద్ద పాము అరుకాషుడు. ఇందులో ఆటగాని తెలివికి పని లేదు. పడిన పందెమే గతి. ఐనను ఇది ఒట్టి అదృష్టపరీక్ష కాదు. ప్రతి గడికిని పేరుండును. ప్రతి పాటుకును కారణముండును. జైనులు, వైష్ణవులు ఎవరి పటమున వారు తమ తత్త్వమును వ్రాసికొనిరి. ఉత్తరదేశమున దీనిని జ్ఞానచౌపడ్ అనిరి. శివరాత్రి, ముక్కోటి ఏకాదశి జాగరణలందు అవ్వ పటము పఱచి మనుమలకు ఒక్కొక్క గడి చదివి చెప్పుచు తెల్లవారనిచ్చిన ఇండ్లు తెలుగునాట నెన్నో యుండెను.

పురుషకారమునకే సర్వము వదలిన ఆటలు పులిజూదము, చదరంగము. పులిజూదమున పాచిక లేదు, గవ్వ లేదు. కొండయాకారముగా గీసిన గీతల మీద 23 కూడళ్ళు, మూడు పులులు, పదునైదు మేకలు. పులి దూకి చంపును. మేకలు చేరి కట్టివేయును. బలములు సమానముగా లేకున్నను ఆట సమముగా సాగుట ఇందలి విశేషము. మేకల పక్షమున ఆడువాడు మొదట రెండు మూడింటిని పోగొట్టుకొనియు తుదకు గెలువవచ్చును. హంపిలోను, దక్షిణదేశపు పెక్కు దేవాలయ మండపములలోను రాతినేల మీద చెక్కిన ఆటగీతలు నేటికిని కనబడును. పనివారో, యాత్రికులో, కావలివారో, ఎవరు గీసిరో గాని, రాయలు పోయినను వారి ఆట నిలిచినది.

చదరంగము కథ అందఱు నెఱిగినదే గావున సంగ్రహముగా చెప్పెదను. హర్షుని పాలనమున చతురంగబలముల మోహరింపు అష్టాపదపు పలకల మీదనే గాని వేఱుచోట కానరాదని బాణుడు హర్షచరిత్రమున చమత్కరించెను. కావున ఏడవ శతాబ్దినాటికి అఱువదినాలుగు గళ్ళ మీద రథ గజ తురగ పదాతులు నడచుచుండెనని తెలియుచున్నది. ఈ ఆట పారసీకమునకు పోయిన తీరును ఒక పహ్లవీ గ్రంథము కథగా చెప్పును. భారతీయ రాజొకడు చదరంగపు పలకను నౌషీర్వాను కొలువునకు పంపి, దీని మర్మము విప్పుడు, లేనిచో కప్పము కట్టుడు అని కబురంపెనట. బుజుర్గ్ మిహ్ర్ అను మంత్రి మర్మమును విప్పి, బదులుగా నర్ద్ అను పాచికలాటను కల్పించి పంపెనట. అందు ముప్పది కాయలు నెలలోని దినములు. తెల్లనివి పగళ్ళు, నల్లనివి రేలు. పాచికల దొర్లుడు గ్రహముల తిరుగుడు. చదరంగము మానవుని యోచనకు గుఱుతుగా, నర్ద్ విధికి గుఱుతుగా నిలిచినవి. చరిత్రగా ఈ కథ విలువ యెంతయైనను, దైవ పురుషకారముల వాదము రెండు దేశముల నడుమ ఆటపలకల మీద నడచినదని చెప్పుటలో దీనికి సాటి లేదు.

అరబ్బుల ద్వారమున చదరంగము ఐరోపా చేరినది. అచట పదునైదవ శతాబ్ది చివర మన మంత్రి రాణియయ్యెను. పూర్వము ఒక్క గడి మూలగా కదలు మంత్రి, రాణియైన పిమ్మట పలక ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తనారంభించెను. ఆట వేగము హెచ్చినది. మన పల్లెలలో మాత్రము పాత నడకలు కొన్ని చాలకాలము నిలిచినవి. పంజాబునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ దేశీయపు నియమములతో పెరిగి, పెద్దయైన పిమ్మట ఐరోపా నియమములు నేర్చి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియనుగా గెలిచెను. పోయిన విద్య తిరిగి యిల్లు చేరిన కథకు తెలుగువారి భాగము కూడ కలదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరై, 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ రాపిడ్ విజేతయైనది. మదరాసున స్థిరపడిన తెలుగు కుటుంబమునందలి దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూరున ప్రపంచ విజేత పట్టము గెలిచెను.

ఇక తక్కిన ఆటల ప్రయాణము. ప్రాచ్యదేశపు ఆటలను గుఱించి ఆక్స్‌ఫర్డు పండితుడు థామస్ హైడ్ 1694లోనే లాటిను భాషలో గ్రంథము వెలువరించెను. పండితుల కుతూహలము వర్తకుల చేతికి వచ్చుటకు మఱి రెండువందల యేండ్లు పట్టినది. పచ్చీసు అమెరికాలో పర్చీసియై పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంటింట చేరినది. ఇంగ్లాండున 1896లో లూడో అను పేర పేటెంటు పొందినది. లాటినులో లూడో అనగా 'ఆడుదును' అని యర్థము. గవ్వలు పోయి ఒక్క ఘనపు పాచిక వచ్చినది. దానితో జోడీ కూడ పోయినది. లూడోలో నలుగురు నలుగురే; ఎవనికి వాడే. జట్టుగా ఆడిన పటము వ్యక్తి పరుగుపందెముగా మాఱుట చిన్న మార్పుగా తోచును గాని, సమాజమునకు సమాజమునకు గల యంతరమంతయు అందు కలదు.

వైకుంఠపాళికిని ఇదే గతి పట్టినది. 1890ల ప్రాంతమున ఇంగ్లాండున పాములు నిచ్చెనలుగా అచ్చుపడినప్పుడు, తొలుత దానిమీద పొదుపు, శ్రమ, పశ్చాత్తాపము వంటి విక్టోరియా యుగపు సద్గుణములను వ్రాసిరి. సోమరితనమునకు దారిద్ర్యము ఫలమనిరి. క్రమముగా ఆ పేర్లును రాలిపోయి అంకెలు మాత్రము మిగిలినవి. మోక్షము పోయి నూఱవ గడి మిగిలినది. అదే పటము మరల అచ్చుపెట్టెలో మనకు చేరగా మన పిల్లలు దానిని ఇంగ్లీషువారి ఆటయని తలచిరి.

జర్మనీలో పచ్చీసు ఎత్తిన అవతారము మఱియొకటి. మ్యూనిక్ నగరమున జోసెఫ్ ష్మిట్ అను నతడు తన పిల్లలను ఇంట నిలుపుటకై దీనిని సులభపఱచి, 1914లో విరివిగా అచ్చువేయించెను. దాని పేరునకు 'ఓయి, కోపగించుకొనకుము' అని యర్థము. మొదట కొనువారు లేరు. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల ఆసుపత్రులకు 3000 పెట్టెలు ఉచితముగా పంపగా, వారు ఇండ్లకు తిరిగిపోయి ఆ ఆటను అడిగిరి. అటుపిమ్మట అది జర్మనీయందు ఇంటింటి ఆటయైనది. చచ్చిన కాయ మొదటికి పోవు మన పాత నియమమునకు, నిజముగా చావు చూచివచ్చినవారు నవ్వుకొనిరి కాబోలు.

ఇదే కాలమున అమెరికాలో ఒక స్త్రీ ఆటపలకను ఉద్యమ సాధనముగా మలచినది. ఎలిజబెత్ మేగీ హెన్రీ జార్జి యొక్క భూమిపన్ను సిద్ధాంతమును నమ్మినది. భూమి కొందఱి చేత చిక్కినచో తక్కినవారు ఎట్లు నాశనమగుదురో చూపుటకు 'భూస్వామి ఆట'ను కల్పించి 1904లో పేటెంటు పొందినది. ఆ యాట చేతులు మాఱి, మాఱి, 1935లో మోనోపలీ యను పేర మఱొకరి రచనగా బజారుకు వచ్చినది. పాత పేటెంటును ప్రచురణకర్తలు 500 డాలర్లకు కొనిరి. అమ్మకములలో ఆమెకు వాటా లేదు. గుత్తాధిపత్యమును ఖండింపబుట్టిన ఆట, గుత్తాధిపత్యము వలన గలుగు ఆనందమును నేర్పు ఆటయైనది. మన దేశమున బొంబాయి వీథుల పేర్లతో 'బిజినెస్' అని ఆడినది దీని సంతతియే. ఇందు ఓడినవాడు దివాలా తీసి బల్ల నుండి లేచిపోవలెను. గెలువనున్నవాడెవడో తెలిసిన పిమ్మట కూడ ఆట గంటలకొలది సాగును. మొదట ఓడిన తమ్ముడు అలిగి మూలగూర్చున్న దృశ్యము ఎన్ని యిండ్లలోనో జరిగినదే.

నేటి ఆటల సాయంకాలము ఈ అలుకకు దొరికిన మందు అనవచ్చును. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మను కుటుంబములలో యుద్ధము వస్తువుగా గల ఆటల యెడ విముఖత యుండెను. ఇంటిల్లిపాది కూర్చుండి ఆడు అలవాటు మాత్రము బలముగా నుండెను. 1979లో అచటి ఆటల విమర్శకులు 'సంవత్సరపు ఉత్తమక్రీడ' యను బహుమానము ఈయనారంభించిరి. మొదటి బహుమతి డేవిడ్ పార్లెట్ అను ఆంగ్లేయుని 'కుందేలు తాబేలు' ఆటకు లభించినది. 1983లో ఎస్సెన్ నగరమున ఆటల ప్రదర్శన ఆరంభమైనది. పుస్తకము మీద రచయిత పేరు వేసినట్లు, పెట్టె మీద ఆట కల్పించినవాని పేరు వేయుట రివాజైనది.

1995లో క్లాస్ టాయిబర్ అను దంతవైద్య సాంకేతికుడు రచించిన కాటాన్ ఈ సంప్రదాయమును లోకమునకు చాటినది. ఒక ద్వీపము. ఆఱుమూలల అట్టబిళ్ళలతో ప్రతిసారి క్రొత్తగా పేర్చుకొందురు. కలప, ఇటుక, ఉన్ని, ధాన్యము, ఖనిజము అను ఐదు వస్తువులు. దారులు, ఊళ్ళు కట్టుకొని ముందుగా పది పాయింట్లు చేర్చినవాడు విజేత. మన మూడు ప్రశ్నలను దీనిముందుంచి చూతము. దైవమా, పురుషకారమా? పాచిక కలదు; కాని ఎవరు వేసినను పడిన సంఖ్యకు తగిన తావున ఊరు గలవారందఱికిని వస్తువులు దక్కును. కావున పరుని పందెము పడినప్పుడు కూడ ప్రతివాడును కన్నార్పక చూచును. ఓడినవాని గతి యేమి? ఎవరును లేచిపోరు. కడవఱకు అందఱును కూర్చుందురు. పణమేమి? ఏమియు లేదు. కొఱతపడిన వస్తువును ఇతరునితో మాటలాడి, బేరమాడి సంపాదించుకొనవలెను. మాట లేనిదే ఆట లేదు. అపరిచితులు గంటలో స్నేహితులగుటకు ఈ బేరమే చాలును.

అటుపిమ్మట ఈ ధోరణి ఇంకను ముందుకు సాగినది. అలన్ మూన్ 2004లో రైలుదారులు కలుపు ఆటను రచించెను. మాట్ లీకాక్ 2008లో వెలువరించిన పాండెమిక్ నందు ఆటగాండ్రందఱును ఒకే పక్షము, ప్రతిపక్షము వ్యాధి. గెలిచిన అందఱును గెలుతురు, ఓడిన అందఱును ఓడుదురు. జోడీగా ఆడిన పచ్చీసు భావము మఱొక దారిని వచ్చి బల్ల నెక్కినది. విమర్శయు లేకపోలేదు. శూన్యద్వీపమున వలసలు స్థాపించుకొను ఆటలలో అచటి మూలవాసులు ఏమైరను ప్రశ్న లేవదీసినవారున్నారు. అందుకు సమాధానముగా 2017లో స్పిరిట్ ఐలండ్ అను ఆట వచ్చినది. అందు ద్వీపదేవతలు, ద్వీపవాసులు కలిసి వలసదారులను తరుముదురు. వలసపాలన చవిచూచిన మనకు ఈ పక్షమే సహజముగా తోచును. ముంబాయిలో రూపొందిన 'శాసన్' ఎన్నికల రాజకీయమునే వస్తువుగా గైకొన్నది. అనగా ఆట యొక పుస్తకము వలె వాదించుచున్నది.

ఇక పణము మాట. ఈ ప్రశ్న మన దేశమున ఎన్నడును సమసిపోలేదు. సికిందరాబాదు క్లబ్బు ఒకదానిలోని రమ్మీ విషయమై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నడపిన వ్యాజ్యెమున సుప్రీం కోర్టు 1967లో, రమ్మీ ప్రధానముగా నైపుణ్యము గల ఆటయని తీర్పు చెప్పినది. దైవ పురుషకారముల వాదము ఈ విధముగా న్యాయస్థానము నెక్కినది. 2020 నాటి లాక్‌డౌనులో లూడో చేతిఫోనులలో విజృంభించి, దూరదేశములందున్న బిడ్డలను తలిదండ్రులను కలిపినది. అదే ఫోనున సొమ్ము ఒడ్డు ఆటలు ఎన్నియో కుటుంబములను అప్పుల పాలు చేసినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనను అదృష్టమైనను, సొమ్ము ఒడ్డి ఆన్‌లైనున ఆడించుటను నిషేధించు చట్టము చేసినది. ఋగ్వేదపు జూదరి ఫోను పట్టుకొని తిరుగు కాలమున, పణము లేక నలుగురు ముఖాముఖి కూర్చుండు బల్ల విలువ మఱింత హెచ్చినది.

ఐతే ఈ చరిత్ర మనకు ఒక హెచ్చరిక కూడ చేయుచున్నది. పటము రాతి మీద నిలువవచ్చును. నియమము నోటిమీద మాత్రమే నిలుచును. ఈజిప్టు సమాధులలో సెనెత్ పలకలు చక్కగా దొరికినవి. దాని నియమములు మాత్రము నేటికిని ఊహలే. మెసొపొటేమియాలోని ఊరు నగరపు రాజసమాధులలో 1920లలో లియొనార్డ్ వూలీ నాలుగున్నరవేల యేండ్లనాటి ఆటపలకలను త్రవ్వి తీసెను. వానిని ఎట్లాడుదురో తెలియదు. క్రీ. పూ. 177 ప్రాంతమున బాబిలోను లేఖకుడొకడు మట్టిపలక మీద వ్రాసిపెట్టిన నియమములను బ్రిటిషు మ్యూజియపు పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ చదువగలిగిన పిమ్మటనే ఆ పలక మరల పలికినది. ఆ కుటుంబమునకు చెందిన ఆటనే కొచ్చిన్ యూదులు ఇరువదవ శతాబ్ది వఱకు ఆడిరని అతడు కనుగొనెను. ఒక లేఖకుని శ్రద్ధ, ఒక చిన్న సమాజపు అలవాటు, ఈ రెండును వేల యేండ్ల మౌనమును ఛేదించినవి.

మన దేశమున అట్టి శ్రద్ధ చూపినవారు లేకపోలేదు. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు పెక్కు ఫలకక్రీడలను సేకరించి, కల్పించి, గ్రంథస్థము చేయించెను. తెలుగున సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములతోపాటు జనుల ఆటలకును స్థానమిచ్చిరి. కావ్యములలో దొరలిన ఆటల పేర్లను ఏఱి, వాని యర్థము తెలిసికొన యత్నించిరి. పేర్లు మిగిలి ఆట తెలియనిచోట చరిత్రకారుడు పడు బాధ ఎట్టిదో ఆ గ్రంథము చదివినవారు గ్రహింపగలరు.

ఇట్టి పనికి మన సంఘము వంటి సంఘములు మిక్కిలి అనువైనవని నా విశ్వాసము. సొంత గ్రామమున నున్నవానికి తన యూరి నియమమే నియమము. మఱొకటి యుండునని తోచదు. బదిలీల మీద వచ్చి ఒకే క్వార్టర్లలో కాపురమున్న తెలుగువారిలో శ్రీకాకుళము వారు, అనంతపురము వారు, కరీంనగరము వారు, ఒరిస్సా తమిళనాడుల సరిహద్దు తెలుగువారు ఉందురు. నలుగురిని అష్టాచెమ్మ పటము చుట్టు కూర్చుండబెట్టినచో మూడవ పందెము పడకముందే 'మా ఊళ్ళో ఇట్లు కాదు' అను వాదము మొదలగును. చెమ్మ పడినచో మరల వేయవచ్చునా? ఒకే గడిలో తన రెండు కాయలు నిలువవచ్చునా? చంపకయే లోపలికి పోవచ్చునా? ఈ వాదమును ఆపవలదు. ఒకరు కాగితము తీసి, ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ నియమము అని వ్రాసికొన్నచో అదియే పరిశోధన. పులిజూదపు గీతలు, దాడి ఆట, వామనగుంటలలో గింజలు పంచు క్రమము, ఇవన్నియు ఇంకను మన తల్లుల చేతివ్రేళ్ళ కొసలయందున్నవి. వారు సెలవులకు ఢిల్లీ వచ్చినప్పుడు చూపదగిన కట్టడములను చూపుదుము. వారి వలన నేర్వదగినదానిని మాత్రము అడుగుట మఱతుము.

క్రొత్త పెట్టెలను త్రోసిపుచ్చవలెనని ఎవరును అనరు. కాటాన్ వచ్చినది, రానిండు. పిల్లలు దానిని తేగా పెద్దలు నేర్చుకొనవచ్చును. జర్మనులు తమ బల్ల వద్ద కనుగొన్న మంచి నియమము, అనగా ఓడినవానిని లేపివేయక కడవఱకు కూర్చుండనిచ్చుట, ఏ సంఘమునకైనను ఆదర్శమే. ఉగాదికిని సంక్రాంతికిని నాటకము, హరికథ ఏర్పాటు చేయుచున్న మనము, సంవత్సరమునకు రెండు మూడు సాయంకాలములు ఆటలకు కేటాయించినచో అధిక వ్యయము లేదు. ఒక బల్ల మీద క్రొత్త పెట్టె, దాని ప్రక్క చాపమీద సుద్దముక్క, నాలుగు గవ్వలు, పదునైదు చింతగింజలు చాలును. వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము మాత్రము మఱవరాదు.